మాల విరమించిన మఱునాఁడు



జగిత్యాల జిల్లాలో ముత్యంపేట యను పేరుగల గ్రామములు రెండున్నవి. ఒకటి మల్యాల మండలములోనిది. కొండగట్టు ఆంజనేయస్వామి కోవెల యా గ్రామపు సరిహద్దులోనే యున్నది. రెండవది మల్లాపూరు మండలములోనిది. చక్కెర ఫ్యాక్టరీ వలన నది పేరు పొందినది. మొదటి ముత్యంపేటకు జనులు నిగ్రహదీక్ష పూని వత్తురు. రెండవ ముత్యంపేటలో జనుల యోర్పు ఎట్లు పరీక్షింపఁబడెనో ముందు చెప్పెదము. నేఁడు మేము మాటలాడఁదలఁచినది మనుష్యుఁడు తన్నుఁ దాను పాలించుకొనుటను గూర్చియు, దానికిని ఇరుగుపొరుగువారు వానిని జూచు చూపునకును వాని యింటి క్షేమమునకును గల సంబంధమును గూర్చియు.

ప్రతి సంవత్సరమును చైత్రపూర్ణిమనాఁడును, వైశాఖ బహుళ దశమినాఁడును కాషాయవస్త్రములు ధరించినవారు వేలకొలఁదిగా కొండగట్టు నెక్కుదురు. ఆ దినములను జనులు చిన్న జయంతి యనియుఁ బెద్ద జయంతి యనియు వ్యవహరింతురు. వచ్చువారిలోఁ బెక్కండ్రు 41 దినముల దీక్ష పూనినవారు. 21 దినములు, 11 దినములు పూనినవారును గలరు. కూలివారు, ఆటో నడుపువారు, మరమగ్గముల పనివారు, రైతులు, కళాశాలలోఁ జదువుకొను బాలురు, అందఱు నందుండురు. ఆ కోవెలను మొదట వెలయించినవాఁడు సింగము సంజీవుఁ డను పశువులకాపరి యని స్థలపురాణము చెప్పుచున్నది. కాఁబట్టి సామాన్యులచేత నారంభింపఁబడి సామాన్యులచేతనే నిండియున్న స్థలమని దానిని జెప్పవచ్చును.

దీక్షాధారి తెల్లవాఱకమునుపే లేచి చన్నీట స్నానము చేయును. చెప్పులు తొడుగఁడు. నేలపైఁ బరుండును. మాంసమును మద్యమును ముట్టఁడు. బ్రహ్మచర్యము నవలంబించును. పరుషవాక్య మాడఁడు. నిన్నటి సాయంకాలము వఱకును కల్లుదుకాణము దాఁటి యింటికిఁ బోలేనివాఁడు నేఁడు దాని ముందునుండియే నడచిపోవును, కాలు తడఁబడదు. ఇంట నెలకు సరిపడు బియ్యముండును. పిల్లల ఫీజు సకాలమునఁ గట్టఁబడును. రాత్రులందు అఱపులు వినఁబడవు. భార్య కంటినిండ నిద్రించును. ఈ నలువదియొక్క దినములును ఆ యింటికి పండుగదినములే.

41వ దినము గడచును. కొండమీఁద మాల విరమించి వాఁడు క్రిందికి దిగును. మఱునాఁటికో, మూఁడవనాఁటికో ఆ దుకాణమునందే మఱలఁ గనఁబడును. అందఱు నట్లు చేయుదురని మేము చెప్పము. దీక్షతోనే త్రాగుడును సమూలముగా విడిచిన పుణ్యాత్ములు గలరు. కాని మఱలినవారును దక్కువగా లేరు. ఆ ప్రాంతపు జనులే దీనిని నవ్వుచుఁ జెప్పుకొందురు. భార్యలు మాత్రము నవ్వరు.

ఈ వృత్తాంతమును వినినప్పుడు చదువుకొన్నవారమైన మనము సామాన్యముగా రెండు మాటలలో నొకటి యందుము. అది మూఢభక్తియే కాని నిజమైన నిగ్రహము కాదనునది యొకటి. వానికి మనోబలము లేదనునది రెండవది. రెండును తొందరపాటు మాటలే. విగ్రహారాధనమును గూర్చిన వాదమునకు ఇది తావు గాదు. ఒక మనుష్యుఁడు 41 దినములు త్రాగక యుండెననిన, త్రాగక యుండు శక్తి వానియందుఁ గలదనుట ఋజువైనది. మనోబలము బొత్తిగా లేనివాఁడు ఒక్క దినమైన నుండఁజాలఁడు. కాఁబట్టి మన మడుగవలసిన ప్రశ్న వేఱు. 42వ దినమున నేమి మాఱినది?

వానియందుఁ జెప్పుకొనఁదగినంత మాఱినది లేదు. ఆ దేహమే, యా దప్పియే. మాఱినది వాని చుట్టును. దీక్షలో నున్నన్నాళ్ళు వానిని "స్వామీ" యని పిలిచిరి. నిన్న "ఏరా" యని పిలిచిన మోతుబరి నేఁడు "స్వామీ" యనెను. భార్యయు "స్వామీ" యనెను. కన్నకొడుకును "స్వామీ" యనెను. త్రోవలో నెదురైన యపరిచితుఁడును చేతులు జోడించెను. వానికొఱకు ఇల్లు కడిగి, వంట వేఱుగాఁ జేసిరి. సీసాను వాని యెదుటఁ బెట్టుటకు స్నేహితులు సిగ్గుపడిరి. తనవంటివారు పదుగురు ప్రతి సాయంకాలమును గూడి భజన చేసిరి. ఆ గడియ యిదివఱకు దుకాణములో గడచుచుండిన గడియయే. మాల తీసిన మఱునాఁడు "స్వామి" పోయి "ఏరా" తిరిగివచ్చెను. సాయంకాలపు గడియ శూన్యమయ్యెను. అంతటితో నాగక, మాల తీసిన సంతోషమున స్నేహితులు దావతు చేసిరి! ఊరంతయుఁ గలసి వానిని నిలువఁబెట్టెను. ఊరంతయుఁ గలసి వానిని బడఁద్రోచెను. పడినప్పుడు మాత్రము వాఁడొక్కఁడే పడెనని మనము లెక్క వ్రాసికొంటిమి.

మన పూర్వులు ఈ సంగతి నెఱుఁగనివారు కారు. పతంజలి తన యోగసూత్రములలో అష్టాంగములను జెప్పుచు యమమును మొదటను నియమమును దాని తరువాతను ఉంచెను. శౌచము, సంతోషము, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము అను నీ యైదును నియమములు. ఇవి మనుష్యుఁడు తనకుఁ దాను జేసికొనునవి. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను నైదును యమములు. ఇవి చాలవఱకు ఇతరులతోడి నడవడికి సంబంధించినవి. అనఁగా నొకనిని నొప్పింపకుండుట, యొకనితో నసత్య మాడకుండుట, యొకని సొమ్ము నపహరింపకుండుట, వీని తరువాతనే స్నానమును ఉపవాసమును పారాయణమును వచ్చుచున్నవి. ఈ క్రమమును మనము తలక్రిందులు చేసికొన్నాము. ప్రాతఃకాలమున స్నానము చేసి, మితముగా భుజించి, పొగచుట్ట ముట్టక, గడియారము ననుసరించి జీవించువాఁడు తాను నిగ్రహవంతుఁడ ననుకొనును. చాకలికి రావలసిన కూలిని మూఁడు నెలలు నిలిపియుంచుటను నిగ్రహలోపముగా వాఁడెంచఁడు. ఆ వాఁడు మఱియెవ్వఁడో యని మీరు వెదకఁ బనిలేదు; ఈ మాటలు వ్రాయుచున్న మాయందును, చదువుచున్న మీయందును వాఁడున్నాఁడు.

నిగ్రహమువలనఁ బ్రయోజనము లేదని మేము చెప్పుచున్నామని యెవ్వరును అపార్థము చేసికొనఁగూడదు. న్యూజీలండు దేశమునందలి డునెడిన్ పట్టణములో 1972, 1973 సంవత్సరములలో జన్మించిన వేయిమందికిఁ బైబడిన శిశువులను పండితులు బాల్యము మొదలుకొని పెక్కేండ్లు పరిశీలించిరి. 2011లో వారు ప్రకటించిన ఫలితముల ప్రకారము, చిన్ననాఁడు తమ్ముఁ దాము అదుపులో నుంచుకొనఁగలిగిన పిల్లలు 32 ఏండ్ల ప్రాయము వచ్చునప్పటికి ఇతరులకంటె నారోగ్యవంతులుగాను, డబ్బుచిక్కులు తక్కువగలవారుగాను ఉండిరి. నేరములలోఁ జిక్కినవారును వారిలోఁ దక్కువ. బుద్ధిబలమును, కుటుంబముల కలిమిలేములను లెక్కలోనికిఁ దీసికొన్న తరువాతను ఈ భేదము నిలిచెను. కాఁబట్టి పిల్లలకు నిగ్రహము నేర్పుట వారికి ఆస్తి నిచ్చుటతో సమానమే.

ఐతే యా నిగ్రహ మెచ్చటనుండి పుట్టును? దీనిని గూర్చి మఱియొక పరిశోధన గలదు. చిన్నదే యైనను మమ్ముఁ జాల కలఁచినది. అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ మిషెల్ అను పండితుఁడు పూర్వమొక పరీక్షను గల్పించెను. పిల్లవాని ముందొక మిఠాయి నుంచి, "ఇప్పుడే తినిన నొక్కటియే, మేము వచ్చువఱకుఁ దినక యున్నయెడల రెండిచ్చెద" మని చెప్పి వెలుపలికిఁ బోవుట. ఓర్చుకొన్నవాఁడు నిగ్రహవంతుఁడనియు, ఓర్చుకొనలేనివాఁడు చపలుఁడనియు లోకము చాలకాల మెంచెను. తరువాత రోచెస్టరు విశ్వవిద్యాలయమువారు దానికి ముందొక చిన్న ప్రకరణమును జేర్చిరి. 3 మొదలు 5 ఏండ్ల వయస్సుగల 28 మంది పిల్లలను వారు తీసికొనిరి. ప్రతి పిల్లవానికిని అరగిన రంగుకణికలు కొన్ని యిచ్చి, "కొంచె మాఁగిన మంచివి తెచ్చెద" మనిరి. సగముమందికి నిజముగానే మంచివి తెచ్చియిచ్చిరి. తక్కిన సగముమందియొద్దకు వట్టిచేతులతో వచ్చి, "క్షమింపుము, లే"వనిరి. బొమ్మలు ముద్రించిన యంటుకాగితముల విషయమునను అట్లే చేసిరి. ఆ తరువాతనే మిఠాయి పరీక్ష పెట్టిరి.

మాట నిలుపుకొన్నవారిని జూచిన పిల్లలు సగటున 12 నిమిషము లోర్చుకొనిరి. మాట తప్పినవారిని జూచిన పిల్లలు 3 నిమిషములే యోర్చుకొనిరి. మొదటి జట్టులోని 14 మందిలో 9 మంది కడవఱకు 15 నిమిషములును నిలిచిరి. రెండవ జట్టులో నొక్కఁడే నిలిచెను. ఆ పిల్లల మనోబలము ఒక యరగంటలో మాఱిపోయినదా? మాఱలేదు. పెద్దవారి మాటపై వారికిఁ గల నమ్మకము మాఱినది. మిఠాయిని వెంటనే నోటిలో వేసికొన్న పిల్లవాఁడు బుద్ధిహీనుఁడు కాఁడు. మాట తప్పినవానిని మఱల నమ్మకుండుట బుద్ధియే. వానిని జూచి "చపలుఁ"డని వ్రాసికొను పరీక్షకుని స్థానమున మనము ఎన్నిమాఱులు కూర్చుండలేదు!

ఇప్పుడు రెండవ ముత్యంపేటకుఁ బోదము. చెఱకు పండించువానికంటె నోర్పుగలవాఁ డెవ్వఁడు? ముచ్చె నాటిన దినము మొదలు నఱకు దినము వఱకు ఇంచుమించుగా నొక యేఁడు. ఆ యేఁడంతయు నీరు కట్టి, యెరువు వేసి, యప్పు మోసి, వడ్డీ లెక్కించుకొనుచుండును. తోలిన చెఱకునకు 14 దినములలో వెల చెల్లింపవలెనని 1966 నాఁటి చెఱకు నియంత్రణపుటుత్తరువు శాసించుచున్నది. అనఁగా ప్రభుత్వమే రైతునకు మాట యిచ్చినది. 1937లో బోధనులో స్థాపింపఁబడిన నిజాము చక్కెర సంస్థకు ముత్యంపేట ఫ్యాక్టరీ యొక శాఖ. 2002లో నా సంస్థ పెత్తనము ప్రైవేటువారి చేతికిఁ బోయెను. 2015 డిసెంబరులో బోధను, మెదకు శాఖలతోపాటు ముత్యంపేట శాఖయు మూఁతపడెను. చెఱకు వేసినవారు దానిని దూరపు ఫ్యాక్టరీలకుఁ దోలుకొనవలసివచ్చెను. పలువురు చెఱకు వేయుటయే మానిరి. పనివారు జీతపు బకాయిల కొఱకు ఎదురుచూచిరి. తప్పెవ్వరిదను తీర్పు మేము చెప్పఁబోము. రోచెస్టరు పిల్లవానికి రంగుకణికల విషయమున జరిగినదే యిచ్చట పెద్దవారికి, భార్యాబిడ్డలు గలవారికి జరిగినదని మాత్రము చెప్పుచున్నాము.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతములనుండి గల్ఫుదేశములకుఁ బోయినవారి సంగతియు నిట్టిదే. ఇక్కడ ఏజెంటు చెప్పిన పని యొకటి, అక్కడ దిగిన తరువాత దొరకిన పని యొకటి యైనవారెందఱో! సిరిసిల్లలో మరమగ్గముల మధ్య పండ్రెండు గంటలు నిలుచువాని సంగతి చూడుఁడు. ఆ శబ్దములో ప్రక్కవాని మాట వినఁబడదు. నూలుధూళి ఊపిరిలోనికిఁ బోవును. కూలి యెన్ని మీటర్లు నేసిన నన్ని మీటర్లకే. 2017 మొదలు కొన్నేండ్లు ప్రభుత్వము బతుకమ్మచీరల పని నిచ్చినప్పుడు మగ్గములు నిండుగా నాడెను. ఆ పని లేని నెలలలో వెలవెలఁబోయెను. ఇట్టివాఁడు రేపటి కొఱకు నేఁడు దాఁచుకొనలేదని మనము వగచుదుము. రేపటి విషయమున వానికెవ్వరైన మాట నిలుపుకొనియుండిరా యని యడుగము. ఒకటవ తేదీన జీతము చేతికి వచ్చు మనకు నిగ్రహము సులభము. అది మన పుణ్యమని యనుకొనుట సత్యము కాదు. సత్యము యమములలో రెండవది.

ఇట్లు చెప్పుట త్రాగుబోతుల తప్పులకు సాకు గల్పించుట కాదా యని కొంద ఱడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. భార్యను గొట్టిన చేయి వానిదే. దానికి వాఁడే యుత్తరవాది. ఫ్యాక్టరీ మూఁతపడినదని యెవ్వఁడును భార్యను గొట్టనక్కఱ లేదు; మూఁతపడినను గొట్టనివారే పెక్కండ్రు. కాని యొకని తప్పు నెంచునప్పుడు దాని కారణములలో మన పాలు ఎంతయో లెక్కించుట వాని తప్పును మాపుట కాదు. అప్పుపత్రమునందు జామీను పెట్టినవాఁడు కూడ సంతకము చేయును. అంతమాత్రమున నప్పు తీసికొన్నవాని సంతకము చెఱిగిపోదు.

ఇరుగుపొరుగు చూపునకు బలమున్నదని తెలిసికొన్నవారు దానిని కఱ్ఱగాఁ జేసికొనుట యింకొక ప్రమాదము. ఉత్తర తెలంగాణమున ననేక గ్రామములలో గ్రామాభివృద్ధి సంఘములు గలవు. బడిగదులు కట్టుట, చెఱువులు బాగుచేయుట, గుడుల జీర్ణోద్ధరణము మొదలైన మంచిపనులు వానివలన జరిగినవి. కాని జరిమానాలును, సాంఘిక బహిష్కారములును వానివలననే జరిగినట్లు పత్రికలలోఁ జాలమాఱులు వెలువడినది. బహిష్కృతుని యింటికి ఉప్పు అమ్మరాదు. వానికి క్షౌరము చేయరాదు. వానితో మాటలాడినవానికిని జరిమానా. కొన్ని గ్రామములలో అనుమతిలేని మద్యపుదుకాణమునకు వేలముపాట పెట్టి యా సొమ్ముతో నూరిపనులు చేయుటయుఁ గలదు! అమ్ముటకు హక్కును వేలము వేసి, త్రాగినవానిని నిందించుటలోని న్యాయము మాకు బోధపడకున్నది. భయముచేతఁ గలిగిన నిగ్రహము చూచువారి కన్ను ఉన్నంతసేపే యుండును. దుకాణము పొరుగూరికి మాఱును. త్రాగుట చీఁకటికి మాఱును. ఇంటి దుఃఖము మాత్రము మాఱదు. మఱియు, పదిమందిమి గూడి యొకనికి ఉప్పు దొరకకుండఁ జేసినప్పుడు కట్టు తెగినది ఆ యొకనిది కాదు, మన కోపమునకే కట్టు తెగినది.

సంస్కర్తల మార్గమున నడచుచున్నామనుకొను మనము ఈ దోషమునుండి తప్పించుకొంటిమా? మన చరిత్రమునే చూతము. కందుకూరి వీరేశలింగము పంతులుగారును (1848–1919), రఘుపతి వేంకటరత్నము నాయఁడుగారును (1862–1939) వేశ్యానృత్యములను నిరసించి ధనికుల గృహములలో భోగము మేళములు పెట్టు నాచారముతో పోరాడిరి. శుభకార్యములలో మేళము పెట్టినచోటికిఁ బోమని ప్రతిజ్ఞ పట్టినవారిలో యువకు లెందఱో యుండిరి. ఆ కాలమున నట్టి ప్రతిజ్ఞకు ధైర్యము కావలసియుండెను. బంధువులు అలుగుదురు, పెద్దలు పరిహసింతురు. ఆ నిగ్రహమునకు మేము నమస్కరించుచున్నాము. కాని దాని వెంట మఱియొకటి వచ్చినది. మేళము పెట్టించిన జమీందారు యథాప్రకారము పెద్దమనుష్యుఁడుగానే యుండెను. ఆడిన స్త్రీ మాత్రము అస్పృశ్య యయ్యెను. దేవాలయములకు బాలికలను సమర్పించుటను నిషేధించుచు, వారి వివాహములు చెల్లునని ప్రకటించుచు 1947లో మదరాసు ప్రభుత్వము శాసనము చేసెను. అది కావలసిన శాసనమే. అయితే యా కులపు ముదుసలులకు అద్దెయిల్లెవ్వ రిచ్చిరి? వారి కూఁతులను బడిలో నేమని పిలిచిరి? వారు తరతరములుగాఁ గాపాడిన సంగీతమును నృత్యమును కులీనుల పిల్లలు నేర్చుకొని సభలలో ప్రదర్శించి గౌరవము పొందిరి. నేర్పినవారి సంతతి తమ యింటిపేరును దాఁచుకొని బ్రదుకవలసివచ్చెను. మన కన్నులను మనము నిగ్రహించుకొన్నాము, నాలుకను నిగ్రహించుకొనలేదు.

దీనికి భిన్నముగా నడచినవారును మన దేశముననే యున్నారు; వారు మనవలె చదువుకొన్నవారు కారు. నెల్లూరు జిల్లాలో దూబగుంట యను గ్రామపు స్త్రీలు 1992లో రాత్రిబడిలో నక్షరములు నేర్చుకొనుచు సారా వలనఁ గూలిన సంసారముల కథలను జదివిరి. చదివి యూరకుండక తమ యూరి సారాదుకాణమును మూయించిరి. ఆ యుద్యమము జిల్లాయంతయు, పిదప రాష్ట్రమంతయు వ్యాపించెను. వారి విశేష మేమనఁగా, ఎవరి మగని నా యిల్లాలు ఇంట నెన్నిమాఱులు తిట్టినను, వీధిలోనికి వచ్చునప్పటికి వారి కోపము దుకాణముమీఁదను, సారా వేలముపాటలమీఁదను నిలిచెను. వేలముపాటలు జరుగకుండ వారడ్డగించిరి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపఁబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో నది సడలింపఁబడెను. శాసనము నిలువలేదు గనుక నా స్త్రీలు ఓడిపోయిరని చెప్పువారు గలరు. మేమట్లు తలఁపము. సారా పొట్లము వీధిలోనికి రాని యా కొన్నేండ్లలో ఎన్ని యిండ్లలో దీపము వెలుఁగుచుండఁగా భోజనములు జరిగెనో యా యిండ్లవారిని అడుగవలెను.

త్రాగుడు విషయమున నింకొక దృష్టాంతము జ్ఞప్తికి వచ్చుచున్నది. 1935లో అమెరికాలోని యాక్రన్ పట్టణమున ఇద్దఱు త్రాగుబోతులు కలిసికొనిరి. ఒకఁడు షేర్ల వ్యాపారములో నుండినవాఁడు, ఒకఁడు వైద్యుఁడు. ఒకరి కష్టము నొకరు చెప్పుకొనుటవలన వారిద్దఱును త్రాగుడునకు దూరముగా నిలిచిరి. వారు స్థాపించిన సమాజము దేశదేశములకు వ్యాపించినది. భారతదేశమునందును దాని కూటములు జరుగుచున్నవి. అందు బోధకుఁడు లేఁడు, జరిమానా లేదు. నేఁటి దినమునకు త్రాగకుండిన చాలునందురు. జాఱినవాఁడు మఱల వచ్చినప్పుడు తలుపు తెఱచియుండును. కొండగట్టు దీక్షాధారులు ప్రతి సాయంకాలమును గూడుటలో నున్న మేలు ఇదియే. లోప మేమనఁగా 41వ దినమున తలుపు మూసికొనుట.

ఇచ్చట నొక హెచ్చరిక చేయక తప్పదు. బహుకాలము విశేషముగాఁ ద్రాగినవాఁడు ఒక్కసారిగా మానినయెడల చేతులు వణఁకుట, నిద్రపట్టకుండుట, మూర్ఛలు, మతిభ్రమణము కలుగవచ్చును; ప్రాణమునకును హాని రావచ్చును. అట్టివానిని మాల వేయుటకు ముందే వైద్యునియొద్దకుఁ గొనిపోవలెను. చిత్తచాంచల్యము గలవారిని 41 దినములు కొండగట్టునందుంచిన నయమగునని జనులు నమ్ముదురు. అక్కడ నట్టివారిని రాళ్ళతోఁ గొట్టక భిక్ష పెట్టుదురనుట గొప్పమాట. కాని మందు కావలసినవానికి మందును గావలెను. వైద్యమునకును దయకును వైరము లేదు.

మఱి మన మేమి చేయుదము? వాని 42వ దినమును గూర్చి మనము చేయఁగల పనులు చిన్నవే. దీక్షలో నున్నన్నాళ్ళు వానిని "స్వామీ" యని పిలిచిన మోతుబరికి మఱునాఁటినుండి వాని పేరుపెట్టి "అన్న" యని పిలుచుట కష్టము కాదు. మన పొలములోనో దుకాణములోనో పనిచేయువానికి కూలి నిచ్చెదమన్న దినముననే యిచ్చుట కష్టము కాదు. ఇయ్యలేని దినమున ముందుగానే చెప్పుట యంతకంటెఁ గష్టము కాదు. వాని భార్య వచ్చి మొఱపెట్టుకొన్నప్పుడు "నీవే సర్దుకొనవలెను" అని పంపివేయక వినుటయు, కావలసినచో న్యాయస్థానమునకు తోడుపోవుటయు మన పనియే. ఆమె యోర్పును నిగ్రహమని పొగడి వానికి లైసెన్సు నిచ్చుట మహాపాపము. భజన జరిగిన సాయంకాలపు గడియకు మాల తీసిన తరువాతను ఒక చోటు కావలెను. మన గ్రంథాలయపు గది యాఱు గంటలకే యెందులకు మూయఁబడవలెను? ఆ వేళ దానిలో నెవ్వరును లేరని మన మందుము. వచ్చినవానిని పైనుండి క్రిందివఱకుఁ జూచిన చూపు నెవ్వరు లెక్క వ్రాసిరి?

అన్నిటికంటె నిక్కట్టైనది దావతు సంగతి. తెలంగాణమున పుట్టినను, పెండ్లియైనను, తుదకు చచ్చినను దావతు కలదు. దావతులో మద్యము పోయనివాఁడు పిసినారి యనిపించుకొనును. మేము త్రాగమని చెప్పుకొను గృహస్థులును, "వచ్చినవారి కొఱకు" అని వెనుకగదిలో సీసాలు పెట్టింతురు. తాము మాత్రము ముందుగదిలో కూర్చుండి పండ్లరసము త్రాగుదురు. ఆ వెనుకగదికిఁ బోవువారిలో క్రిందటి వారమే మాల తీసినవాఁడుండును. వాఁడు వద్దన్నయెడల నలుగురు నవ్వుదురు. ఆ నవ్వును ఆఁపఁగలవాఁడు ఆ యింటి యజమానుఁడొక్కఁడే. పెద్ద జయంతి వేసవి పెండ్లిండ్ల కాలముననే వచ్చుచున్నది. వచ్చు వేసవిలో మీ యింటఁ బెండ్లి యున్నయెడల వెనుకగదికి తాళము వేయించి, కొండ దిగి వచ్చినవానిని ముందుగదిలోని పంక్తికిఁ బిలువుఁడు. వాని ప్రక్కను మీరే కూర్చుండుఁడు.